నాలుగు వేళ్ల ఎత్తు

"ఆ తలేందీ అట్లా, మిద్దెకు తగిలేట్టు? ఆడపిల్లవి, వంచుకోని నడువు."

ఈ మాట మా అత్త శివమ్మ పద్నాలుగేళ్లుగా నాతో అంటూనే ఉంది. ఈ పొద్దు మాత్రం నా కూతురు పరంజ్యోతితో అంది. నేను వాకిట్లో కసువు చిమ్ముతున్నాను. వంగినదాన్ని వంగినట్టే ఉండి తల తిప్పి చూశాను. నీళ్ల బిందె దించి వస్తున్న పన్నెండేళ్ల పిల్ల, ఆ మాట వినగానే రెండు భుజాలూ ముందుకు ముడుచుకుంది. మెడ దించింది. ఎవరూ నేర్పకుండానే ఎంత బాగా వంగిందో. నేర్పకపోవడమేమిటి, నేనే నేర్పాను. పుట్టినప్పటి నుంచి నన్నే కదా చూస్తోంది.

నేను మా ఆయన కంటే నాలుగు వేళ్లు ఎత్తు. అదే నా తప్పు. తలంబ్రాలప్పుడు ఆయన పీట కింద ఇంకో పీట వేశారు. తర్వాత నంద్యాలలో ఫోటో తీయించినప్పుడు, "చీర కింద మోకాళ్లు వంచుకో, ఎవురికీ కనపడదు" అని మా అత్త చెవిలో చెప్పింది. వంచుకున్నాను. ఆ ఫోటో ఇప్పటికీ నడవలో వేలాడుతోంది. అందులో ఇద్దరం సమానం. చూసినవాళ్లు ముచ్చటైన జంట అంటారు. నా మోకాళ్లు ఎంత వణికాయో ఫోటోలో పడలేదు మరి.

అప్పుడు వంగినదాన్ని మళ్లీ లేచిందెప్పుడు? పొరక పొట్టిది. పొయ్యి నేల మీదిది, రోలు నేల మీదిది. పని లేని ఆ కాసేపైనా నిలబడదామంటే పక్కన ఆయన ఉంటాడు. కర్నూలు రాజధాని అయిన ఏడాది నాకు నడుం నొప్పి పట్టుకుంది. రాజధాని హైదరాబాదుకు పోయింది గానీ నా నొప్పి పోలేదు. పోయిన ఎండాకాలం నంద్యాలకు బస్సెక్కి లేడీ డాక్టరుకు చూపించుకుంటే ఆమె మందులేమీ రాయలేదు. నన్ను గోడకు ఆనించి నిలబెట్టింది.

"మడమలు, వీపు, భుజాలు, తల, అన్నీ గోడకు తగలాల. రోజూ పొద్దున కాసేపు ఇట్లా నిలబడు. పొరకకు పొడుగు కట్టె కట్టుకో. పొయ్యి అరుగు మీదికి ఎత్తించుకో. నీ ఎముకలు బాగానే ఉండాయమ్మా. వంగి వంగి నువ్వే పాడు చేసుకుంటాండావ్" అంది.

నా తల గోడకు బెత్తెడు దూరంలో ఆగిపోయింది. ఎంత తోసినా పోలేదు.

ఇంటికొచ్చి చెబితే, "నిలబడి కసువు చిమ్మే ఇంట్లో లక్ష్మి ఉంటాదా?" అంది మా అత్త. "మందియ్యను చేతగాక చెప్పిన మాటలే అవి" అని ఆయన నవ్వాడు. పొయ్యి లేవలేదు, పొరకకు కట్టె పడలేదు. గోడను మాత్రం ఎవరూ అడ్డుకోలేరు కదా అని, రోజూ తెల్లారగానే కొట్టం వెనక్కి పోయి దొంగలా నిలబడేదాన్ని. మూడు నెలలకు ఒకరోజు తల గోడకు తగిలింది. నిలబడే ఏడ్చాను. అంతలో ఎవరో వస్తున్న చప్పుడైతే, మళ్లీ ఠక్కున వంగిపోయాను.

మా ఆయన రాజరత్నం రాతి విగ్రహాలు చెక్కుతాడు. ఆళ్లగడ్డలో మంచి పేరు. నిలువెత్తు విగ్రహానికి నెత్తి మీది నుంచి ఇనుప గుండు కట్టిన దారం వదిలి, ముక్కూ బొడ్డూ పాదాల నడిమీ ఒకే గీతలో ఉన్నాయా అని కింద కూర్చొని చూసుకుంటాడు. ఆ దారం పైన పట్టుకునేది నేనే. ఆయన చేతికి అంత ఎత్తు అందదు. ఎవరైనా వస్తే మాత్రం నన్ను లోపలికి పొమ్మని తాను పీటెక్కుతాడు. పోయిన నెల ఒక అమ్మవారి మెడ వేలెడు ముందుకు వాలిందని, నాలుగు నెలల పనిని పక్కన పడేశాడు. "గూని దేవతకు ఎవురు మొక్కుతారే?" అన్నాడు. నేను అప్పుడు వంగి ఆయనకు అన్నం వడ్డిస్తున్నాను.

ఈ పొద్దు నేను పొరక పడేసి పిల్ల దగ్గరికి పోబోతుంటే ఆయన కేకేశాడు. "మే, దారం పట్టుకుందువు రా."

పోయి, కొత్తగా చెక్కుతున్న అమ్మవారి నెత్తి మీద దారం పట్టుకున్నాను. మనసు పిల్ల మీదే ఉంది. ఆయన కింద కూర్చొని గుండు వైపు చూస్తున్నాడు. అంతలో ఆ అమ్మవారిని చేయించుకుంటున్న దొర్నిపాడు గుడి పెద్దలు ఇద్దరు వాకిట్లోకి వచ్చారు.

"చెయ్యి దించు. లోపలికి పో" అన్నాడు మెల్లగా.

నా భుజాలు వాటంతట అవే ముడుచుకోబోయాయి. అరుగు మీద పరంజ్యోతి ఇంకా మెడ దించుకొనే ఉంది. మడమలు నేలకు అదిమాను. వీపు నిలబెట్టాను. ఈసారి వెనక గోడ లేదు.

"దించను. దారం కదిలితే అమ్మవారికి గూనొస్తాది" అన్నాను. "మే పరంజ్యోతీ, ఈడికి రా. నా పక్కన నిలబడు. మడమలు, వీపు, భుజాలు, తల. ఆఁ, అట్లా."

"ఏందే ఇది? మొగుని నెత్తిన నిలబడతావా?" అంది మా అత్త.

"నేల మీదనే నిలబడినానత్తా."

పిల్ల ఒకసారి వాళ్ల అవ్వను చూసి, నన్ను చూసి, మెడ ఎత్తింది. దొర్నిపాడు పెద్దలు విగ్రహాన్ని వదిలి మమ్మల్ని చూస్తున్నారు. ఆయన గుండు దగ్గర నుంచి లేచి నా ముందుకొచ్చాడు. ఏదో అనబోయాడు. నా ముఖంలోకి చూసి అనాలంటే తల ఎత్తాలి. పద్నాలుగేళ్లలో మొదటిసారి ఎత్తాడు.