వేణ్ణీళ్ళ చెంగల్రాయలు

భార్య పచ్చయమ్మ చివరిగా అన్న మాట తెలుగా, అరవమా అన్న సందేహం చెంగల్రాయలుకు పదకొండేళ్లుగా తీరలేదు. ఆ రోజు తెల్లారుతున్నప్పుడు కూడా రాగి బాయిలరు ముందు గొంతుకూర్చుని, పొయ్యిలోకి ఎండుకట్టె తోస్తూ అదే ఆలోచిస్తున్నాడు. మంచు ఇంకా విడలేదు. పొగ పైకి పోలేక పెంకుల కిందే పరుచుకుని ఉంది. బాయిలరు మీద చెయ్యి ఆనించి చూశాడు. మూడు లెక్కపెట్టేదాకా చెయ్యి ఆగితే నీళ్లు ఇంకా కాగలేదని అర్థం. ఒకటికే తీసెయ్యాల్సి వస్తే బకెట్లు ఎత్తవచ్చు. ఆరు గదులు, గదికి రెండు బకెట్లు.

అరవదేశంలో ఆలంగాయం దాటి కొండెక్కితే, సామ చేల పక్కన, పనసచెట్ల మధ్య ఉంటుంది ఆ చిన్న హోటలు. నాటు పెంకుల కప్పు, ఎర్రగచ్చు నేల, నులక మంచాలు, వసారాలో నీళ్లు పోసిన ఇత్తడి గంగాళాల్లో తేలే పూలు. గదుల్లో గీజర్లు లేవు. లేకపోవడమే దాని గొప్ప. కట్టెల పొయ్యి మీద కాగిన నీళ్లు ఇస్తామని వాకిట్లో పలక మీద రాసిపెట్టారు. మద్రాసు నుంచీ బెంగళూరు నుంచీ వచ్చినవాళ్లు ఆ పలక పక్కన నిలబడి ఫోటోలు తీసుకుంటారు. ఒక్కోసారి చెంగల్రాయలును కూడా బకెట్లతో నిలబెట్టి తీస్తారు. నవ్వమంటారు. నవ్వుతాడు.

తాళంచెవులు ఎవరూ పట్టుకుపోకుండా ఒక్కోదానికి ఒక్కో నాడె కట్టారు. మగ్గం మీద దారాల మధ్య అటూ ఇటూ పరిగెత్తే కొయ్య నాడెలే అవి. గుడియాత్తంలో మగ్గాలు విప్పేసిన ఇళ్లలో మూటగా కొన్నామని మేనేజరు శక్తివేల్ చెప్పాడు. చెంగల్రాయలు అదే ఊళ్లో ముప్పై ఎనిమిదేళ్లు లుంగీలు నేసినవాడు. పనిలో చేరిన రోజు ఆరు నాడెలనూ తిప్పి తిప్పి చూశాడు, తనది ఉందేమోనని. లేదు. దానికి సంతోషపడాలో బాధపడాలో తెలియలేదు.

మగ్గం గుంటలో కూర్చుని కూర్చుని అతని మోకాళ్లు పూర్తిగా చాపుకోవు. నేల మీద ఏదో పారేసుకున్నట్టు ముందుకు వంగి నడుస్తాడు. కుడి భుజం ఎడమదాని కన్నా లావు. అరవై నాలుగేళ్లు. నుదుట నామం దిద్దుకోకుండా పొయ్యి ముట్టించడు. అగ్గిపుల్ల గీసే ముందు కళ్లు మూసుకుని స్వామిని అడిగేది ఒక్కటే ప్రశ్న. జవాబు రాదు. స్వామి ఏ భాషలో వింటాడో అని కూడా ఒక్కోసారి అనుకుంటాడు.

అది పదకొండేళ్ల కిందటి ఆడి నెల, అరవల ఆషాఢం. రొమ్ములో పట్టేసినట్టుందని పచ్చయమ్మ రెండు రోజులుగా పడుకునే ఉంది. వాయువనుకున్నారు. మర్నాటి పొద్దుటికల్లా బట్ట అప్పజెప్పాలని, నూలిచ్చి నేయించుకునే మేస్త్రీ మనిషిని పంపాడు. మధ్యాహ్నం చెంగల్రాయలు తనే గంజి కాచి, లోటాతో ఆమె నోటికి అందించాడు. రెండు గుక్కలు తాగింది. 'పోదుం' అంది. లేకపోతే 'పోదాం' అందో. అరవంలో 'పోదుం' అంటే చాలు. తెలుగులో 'పోదాం' అంటే పద, వెళ్దాం. నేతగాళ్ల వీధిలో ఒకే మాటలో రెండు భాషలూ కలిసిపోతాయి. ఆ వీధివాళ్లకు చాలు అనడానికి అరవం మాటే ఎక్కువగా నోటికి వచ్చేది. ఊపిరి ఆడని నోట్లో ఆ రెంటికీ తేడా ఎంత? చాలంటోంది అనుకున్నాడు. లోటా కింద పెట్టి మగ్గం గుంటలోకి దిగాడు. మూరెడు నేశాడు. మగ్గం చప్పుడు ఆగేటప్పటికి ఇంట్లో ఇంకే చప్పుడూ లేదు.

సాయంత్రం ఆమె చెల్లెలు లోకేశ్వరి వచ్చి ఏడ్చింది. ఏడుపు మధ్యలో, అక్క చివరన ఏమన్నదని అడిగింది. తర్వాత చెప్తానన్నాడు. పెద్దకర్మ రోజున మళ్లీ అడిగింది. అప్పుడూ అదే అన్నాడు. మూడోసారి అడిగే వీలు ఆమెకు ఇవ్వలేదు. మగ్గం అమ్మేసి కొండెక్కాడు.

ఆసుపత్రికి పోదామని ఆమె అడిగిందా, గంజి చాలని అన్నదా? అతనికి ఈ జన్మలో తెలియాల్సింది ఇదొక్కటే. తెలిశాక ఎలా బతకాలన్నది తర్వాతి సంగతి.

నీళ్లు కాగాయి.

నాలుగో గదిలో ముందురోజు సాయంత్రం ఒక తల్లీ కొడుకూ దిగారు. కొడుకు యోగానంద్ నలభై దాటినవాడు, మద్రాసులో ఉద్యోగం. తల్లి చిన్నమణికి డెబ్బై ఆరేళ్లు, పుట్టిల్లు పరదరామి దగ్గర. చెంగల్రాయలు నీళ్ల బిందె దించుతూ గోవిందా అనడం విని ఆమె మంచం మీద లేచి కూర్చుంది.

"తెలుగోళ్లా నాయనా?"

అవునన్నాడు. గుడియాత్తం అన్నాడు. ఆమె ముఖం విప్పారింది.

"ఈ నులక మంచం, ఈ బొక్కెన నీళ్లు ఎప్పుడు తప్పుతాయా అని ఇరవై ఏండ్లు మొక్కినాను అప్పా," అంది. "తప్పినాయనే అనుకుంటి. నా కొడుకు దుడ్డు కట్టి మళ్లా తెచ్చి వీటి మిందనే కూర్చోబెట్టినాడు."

చెంగల్రాయలు నవ్వాడు. ఫోటోకు నవ్వే నవ్వు కాదు. కోడలు అరవమనీ, కొడుక్కి చిన్నప్పుడు వచ్చిన తెలుగు కూడా ఇప్పుడు పోయిందనీ ఆమె చెప్పుకొచ్చింది. ఆ ఇంట్లో తెలుగు మాట్లాడేది తను ఒక్కతే, వినేది పూజగదిలో దేవుళ్లట. వాళ్లు తిరిగి మాట్లాడరు గనక అత్తాకోడళ్లకు గొడవ లేదంది.

ఇప్పుడు బకెట్లతో వెళ్లేసరికి నాలుగో గది తలుపు తీసే ఉంది. గది ముందు నిలబడకూడదని శక్తివేల్ మొదటి రోజే చెప్పాడు. వణక్కం అనాలి, వేణ్ణీళ్లు అనాలి, బకెట్లు పెట్టి తిరిగి రావాలి. చెంగల్రాయలు వణక్కం అన్నాడు. లోపల యోగానంద్ మంచం పక్కన కూర్చుని తల్లికి కాఫీ తాగిస్తున్నాడు. ఆమె ఒక గుక్క తాగి తల పక్కకు తిప్పుకుంది.

"పోదుం," అంది.

కొడుకు సరేనన్నట్టు తల ఊపి గ్లాసు కొంచెంసేపు ఆపాడు. మళ్లీ ఆనించాడు. చలికి రాత్రి నిద్ర పట్టి ఉండదని, ఇంకాస్త తాగి పడుకోమని అరవంలో బుజ్జగించాడు. ఆమె మళ్లీ అదే మాట అంది. అతను గ్లాసు కింద పెట్టి దుప్పటి గడ్డం దాకా లాగాడు. మంచి కొడుకే. చెయ్యి మెత్తగా ఉంది.

ఆమె నుదుటి మీద చెమట కనిపించింది చెంగల్రాయలుకు. బకెట్ల మీద ఆవిరి తెల్లగా లేచే చలిలో చెమట. కుడిచెయ్యి దుప్పటి కింద నుంచి వచ్చి ఎడమ భుజాన్ని పట్టుకుంది.

అతను బకెట్లు పెట్టేశాడు. వెనక్కి తిరిగాడు. మూడు మెట్లు దిగాడు. నాలుగో మెట్టు మీద కాలు పెట్టలేకపోయాడు. పెద్దవాళ్ల సంగతిలో నోరు పెడితే శక్తివేల్ ఏమంటాడో తెలుసు. ఈ వయసులో కొండ దిగితే ఇంకెక్కడా పని దొరకదనీ తెలుసు. తిరిగి ఎక్కి, గడప దాటి, మంచం దగ్గరకు వెళ్లి వంగాడు.

"యాడికమ్మా?" అన్నాడు.

చిన్నమణి కళ్లు తెరిచింది. "ఆసుపత్రికి నాయనా. తెల్లారినప్పట్నుంచి చెప్తానే ఉండా. వీడు కాఫీ పోస్తా ఉండాడు గానీ లేవడే."

యోగానంద్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. అమ్మ ఏమంటోందని అడిగాడు. చెంగల్రాయలు అరవంలో చెప్పాడు. ఆ మనిషి ముఖం అప్పుడు ఎలా అయిందో చెంగల్రాయలు చూడలేదు. చూడకుండా తల దించుకున్నాడు. చాలంటోందనుకున్నానని కొడుకు రెండుసార్లు అన్నాడు.

శక్తివేల్ జీపు తెచ్చాడు. వెనక సీట్లో పడుకోబెట్టారు. తలకింద దిండు సర్దుతుంటే ఆమె చెంగల్రాయలు చెయ్యి తడిమింది.

"నువ్వు కాచిన నీళ్లు పోసుకోకనే పోతా ఉండా. ఏమీ అనుకోవద్దు నాయనా."

జీపు మలుపు తిరిగింది. రెండో గదివాళ్లు నీళ్లు ఎందుకు ఆలస్యమని అడిగారు. చెంగల్రాయలు మిగతా బకెట్లన్నీ మోశాడు.

పదిన్నరకు శక్తివేల్ ఆంబూరు నుంచి తిరిగి వచ్చి, గంట ఆలస్యమైతే చెయ్యి దాటేదని డాక్టరు అన్నట్టు చెప్పాడు. గుండెపోటేనట, అంబులెన్సులో వేలూరుకు పంపుతున్నారట. వంటింట్లో వాళ్లంతా బయటికి వచ్చారు. ఒకరు చెంగల్రాయలుకు కుర్చీ వేశారు. ఎప్పుడూ అతని ముఖం చూసి మాట్లాడని శక్తివేల్ భుజం మీద చెయ్యి వేసి, ఆ దేవుడే నిన్ను అక్కడికి పంపాడు పెద్దాయనా అన్నాడు. ఎలా తెలిసిందని అడిగాడు. చెంగల్రాయలు కుర్చీలో కూర్చోలేదు.

బాయిలరు దగ్గరకు పోయి నిలబడ్డాడు. పొయ్యి ఆరిపోతోంది. దేవుడు పంపేవాడే అయితే, ఆనాడు మగ్గం నుంచి మంచం దాకా పది అడుగులు పంపలేకపోయాడా? స్వామి మీద కోపం తెచ్చుకోవడం అతనికి చేతకాదు. అడగడమే వచ్చు. అడగాల్సింది స్వామిని కాదేమో అని ఇన్నేళ్లలో ఒకసారైనా తోచలేదు. తెలుగా, అరవమా అని తల బద్దలు కొట్టుకున్నాడు గానీ, ఆ మాట అన్న మనిషి అప్పుడు ఎదురుగా కళ్లు తెరుచుకునే ఉంది. యాడికి అని అడగడానికి ఎంతసేపు పట్టేది?

మధ్యాహ్నం వెళ్లి రెండు రోజులు సెలవు అడిగాడు. పనిలో చేరాక అడగడం అదే మొదటిసారి. శక్తివేల్ నాలుగు రోజులు తీసుకోమన్నాడు.

ఆలంగాయంలో బస్సు మారాడు, వాణియంబాడిలో మారాడు. ఆంబూరు బస్టాండులో ఉండగా శక్తివేల్ ఫోన్ చేశాడు. ముసలమ్మ వేలూరు చేరకముందే, దారిలో పోయిందట. అంబులెన్సులో చివరిదాకా మాట్లాడుతూనే ఉందట. అంతా తెలుగే. కొడుక్కి సగం అర్థం కాలేదట, అయినా చెయ్యి పట్టుకుని ఊఁ కొడుతూ కూర్చున్నాడట. చెంగల్రాయలు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. గుడియాత్తం బస్సు వచ్చింది. ఎక్కాడు.

లోకేశ్వరి గడప దగ్గర రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతోంది. తల ఎత్తి చూసింది. చెయ్యి ఆపలేదు.

"దారి తెలిసిందా బావా?" అంది.

అతను గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కొండ మీద దొరల స్నానాలకు నీళ్లు మోస్తున్నావట కదా, అక్కకు ఎన్నడైనా ఒక చెంబు మోశావా అని అడిగింది. అతను కాదనలేదు. కండె నిండాక దారం తుంచి, లేచి లోపలికి పోయి తట్ట, అంటే అన్నం కంచం, తెచ్చి పెట్టింది. తిట్టినా అన్నం పెట్టకుండా పంపే ఇల్లు కాదది. అన్నం వడ్డించి పులుసు గిన్నె కోసం తిరిగింది. అతను అన్నం మధ్యలో చేత్తో గుంట చేశాడు.

"ఆ పొద్దు నువ్వు అడిగితివే లోకేశ్వరీ," అన్నాడు. "మీ అక్క కడాన ఏమనిందని."

ఆమె గరిటె పట్టుకుని నిలబడిపోయింది. అతను గంజి సంగతి, రెండు గుక్కల సంగతి, ఆ మాట సంగతి, తను నేసిన మూరెడు బట్ట సంగతి, ఏదీ దాచకుండా చెప్పాడు. చాలన్నదో, పోదామన్నదో తనకు ఈనాటికీ తెలియదన్నాడు.

లోకేశ్వరి ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు.

"చాలనేదానికి మాయక్క నోరు తెరిచేదే లేదు బావా. తట్టకు చెయ్యి అడ్డం పెడతాది. లోటా అయినా అంతే, దాని మూతి మింద చెయ్యి పెట్టేస్తాది. చిన్నప్పట్నుంచీ అంతే." గరిటె గిన్నెలో వేసింది. "ఒక్క పొద్దన్నా ఆమెకు వడ్డించింటే నీకు తెల్సుండును."

ముప్పై ఒక్క ఏళ్ల కాపురంలో పచ్చయమ్మ అన్నం తినడం చూసిన రోజు కోసం చెంగల్రాయలు వెతికాడు. అతను తిని మగ్గం గుంటలోకి దిగాక ఆమె వంటింట్లో తినేది. తట్ట చప్పుడు మగ్గం చప్పుడులో కలిసిపోయేది. ఎంత తినేదో, ఎప్పుడు ఆపేదో, ఎవరైనా ఇంకొంచెం వడ్డించబోతే ఏం చేసేదో అతను చూడలేదు. ఆ రోజు గంజి తాగించినప్పుడు ఆమె రెండు చేతులూ పక్కనే పడి ఉన్నాయి. లోటాకు అడ్డం రాలేదు. అది మాత్రం ఇప్పుడు స్పష్టంగా కనిపించింది.

"చెప్తానంటివి. పదకొండేండ్లకు చెప్పినావు," అంది లోకేశ్వరి. "ఆ బాకీ తీరిపోయె."

అతను లేచాడు. వాకిట్లో చెయ్యి కడుక్కున్నాడు. కండువా దులిపి భుజాన వేసుకుని, వీధి చివర కనిపిస్తున్న బస్సుల దారి వైపు వంగి వంగి నడిచాడు. ఆమె వెనక్కి పిలవలేదు. పులుసు గిన్నె పట్టుకుని గడపలో నిలబడి, వీధి మలుపులో అతను కనబడకుండా పోయేదాకా చూసింది.

లోపల గచ్చు మీద తట్ట అలాగే ఉంది. అన్నం మధ్య నాలుగు వేళ్లతో చేసిన గుంట ఒట్టిగానే ఉంది.