దిబ్బ మీద విన్న రేటు

పెళ్ళయి నలభై రోజులు దాటినా నాగసుధకి ఇంకా అన్నీ కొత్తగానే ఉన్నాయి. అత్తగారి వంటింట్లో చింతపండు కుండ ఎక్కడుందో వెతుక్కోకుండా అందుకున్న రోజున పెద్ద పరీక్ష పాసైనట్టు అనిపించింది. మావగారు పోలారావు తను పెట్టిన టీ తాగి "ఇంకో సుక్క ఉందా, అమ్మా?" అని అడిగితే, ఆ మాటని సాయంత్రం దాకా లోపల్లోపల తిప్పుకుంది. టెక్కలిలో డిగ్రీ చదివిన దాన్ని, ఇంత చిన్న వాటికి ఇంత సంబరమేమిటని తనకే నవ్వొచ్చేది.

అన్నిటిలోకీ పెద్ద సంబరం సెల్‌ఫోను. 2004 వేసవి అది. భర్త సూర్యప్రకాష్ పలాసలో రెండు ఫోన్లు కొన్నాడు, ఒకటి తనకి, ఒకటి ఆమెకి. సబ్బుబిళ్ళంత ఉండే ఆ ఫోనుకి నాగసుధ మిగిలిపోయిన జాకెట్టు గుడ్డతో సంచి కుట్టి, మూతికి నాలుగు పూసలు కూడా పెట్టింది.

సూర్యప్రకాష్ పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో గుమాస్తా. మార్చి నుంచి జూన్ దాకా జీడిపిక్కల సీజను. ఆ నాలుగు నెలలూ అతనికి పలాసలోనే గది, హోటల్ భోజనం. ఆదివారం సాయంత్రం వచ్చి సోమవారం తొలి బస్సుకి వెళ్ళిపోయేవాడు. మిగతా ఆరు రోజులకీ ఆ ఫోనే దిక్కు.

చిక్కల్లా సిగ్నల్‌తోనే. వాళ్ళ తోటవలస ఊళ్ళో ఎక్కడా ఒక్క గీత కూడా వచ్చేది కాదు. ఊరికీ సముద్రానికీ మధ్య, సరుగుడు తోట పక్కన ఒక ఇసుక దిబ్బ ఉంది. దాని మీదకెక్కి పలాస వైపు తిరిగి నిలబడితే రెండు గీతలు. కాస్త పక్కకి జరిగితే ఒకటి. అందుకని రోజూ ఆరింటికి నాగసుధ దిబ్బెక్కి ఒక మిస్డ్ కాల్ ఇచ్చేది. ఇన్‌కమింగ్ ఉచితం కాబట్టి అతను వెంటనే తిరిగి చేసేవాడు. సముద్రపు గాలి హోరులో ఒక చెవి అరచేత్తో మూసుకుని, రెండో చెవికి ఫోను నొక్కిపెట్టి అరిచి మాట్లాడాలి. అరుస్తూ ముద్దుమాటలు చెప్పుకోవడం కొంచెం కష్టమే. అయినా రోజూ చెప్పుకునేవారు.

దిబ్బ కింద అదే వేళకి ఎదురింటి దాలమ్మ, పక్క వీధి మహాలక్ష్మి, ఇంకో నలుగురు ఆడవాళ్ళు పొయ్యిలోకి సరుగుడు ఆకు ఊడ్చుకుంటూ ఉండేవారు. మొదట్లో ఇద్దరే వచ్చేవారు. ఊడ్చాల్సిన ఆకు రోజురోజుకీ ఎందుకు పెరుగుతోందో నాగసుధ ఆలోచించలేదు.

ఆ బుధవారం ఏం తిన్నావు, ఏం చొక్కా వేసుకున్నావు అయ్యాక సూర్యప్రకాష్ గొంతు తగ్గించాడు.

"సుధా, ఒక మాట. ఎవరికీ సెప్పకు. రేపట్నుంచి మా గేటు దగ్గర పిక్కల బస్తా రెండువేల ఏడొందలు. ఇప్పుడే ఓనరు గారు రాయించినారు."

"ఏటీ? వినిపించలేదు బావా!"

"రెండువేల ఏడొందలు!"

"బస్తా రెండువేల ఏడొందలా? మీ గేటు దగ్గరా?" గాలి మీద గెలవాలని గట్టిగా అరిచింది నాగసుధ.

"అవును. నాన్నకి కూడా సెప్పకు. ఈ మాట బయటికెళ్ళిందంటే నా ఉద్యోగం పోద్ది."

"నేనెందుకు చెప్తాను?" అంది. భర్త తనతో ఆఫీసు రహస్యం చెప్పుకున్నాడన్న సంతోషంతో ఇంటిదాకా ఇసుకలో దాదాపు ఎగురుకుంటూ వెళ్ళింది.

ఆ రేటు ఎందుకు రహస్యమో ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు. పిక్కలు కొనడానికి వచ్చే పైడిరాజు ఎప్పుడూ నోటితో ధర చెప్పడు. రైతు ముందు కూచుని, ఇద్దరి చేతుల మీదా తువ్వాలు కప్పుతాడు. లోపల వేళ్ళు పట్టుకుని బేరం. రెండువేల మీద ఒక్కో వేలికి ఒక్కో వంద. ఎవరికి ఎన్ని వేళ్ళు దక్కాయో వాళ్ళకీ పైడిరాజుకీ తప్ప మూడో మనిషికి తెలీదు. ఎనభై కిలోల బస్తా ఒకరికి రెండువేల వందకి పోతే, గోడ పక్కవాడిది రెండువేల మూడొందలకి పోవచ్చు. పక్కవాడి రేటు అడగడం మర్యాద కాదు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలీదు గానీ, దాని మీద పైడిరాజు పలాసలో డాబా కట్టాడు.

గురువారం పొద్దున్నే అతని వ్యాను వచ్చింది. ఊరి మొదటి ఇల్లు పోలారావుది. అరుగు మీద తువ్వాలు పరిచారు. నాగసుధ గుమ్మం వెనక నిలబడి పెదవి కొరుక్కుంది. ఒక్కమాట చెబితే చాలు. కానీ మాట ఇచ్చింది. మావగారొక్కడే ఏడొందలు అడిగితే ఆ సంగతి ఎక్కణ్ణుంచి వచ్చిందో పైడిరాజుకి ఇట్టే తెలిసిపోతుంది.

తువ్వాలు తీశాక పోలారావు ముఖం వెలిగిపోయింది. పదిహేను బస్తాలూ కాటా ఎక్కాయి. లోపలికొచ్చి కోడలితో మెల్లగా అన్నాడు.

"రెండు వేళ్ళిచ్చినాడమ్మా. నిరుడు ఒకటే ఇచ్చినాడు."

నాగసుధ నవ్వబోయింది. నవ్వు సరిగా రాలేదు.

వ్యాను రెండో ఇంటికి కదిలింది. అక్కడ దాలమ్మ మొగుడు తువ్వాలు కింద చెయ్యి పెట్టి, ఐదు వేళ్ళు పట్టి, మళ్ళీ రెండు పట్టాడట. పైడిరాజు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. మూడో ఇంట్లో ఐదూ రెండూ. నాలుగో ఇంట్లోనూ ఐదూ రెండే. ఏడో ఇల్లు వచ్చేసరికి పైడిరాజు తువ్వాలు విదిల్చి భుజాన వేసుకుని, వీధిలో నిలబడి అరిచాడు.

"ఏటర్రా, అందరూ కలిసి రాత్రి మీటింగెట్టినారా?"

"మీటింగేటి బాబు," అంది దాలమ్మ గుమ్మంలోంచి. "పలాస గేటు కాడ రేటు అదే గదా. బండి కిరాయికి రెండొందలు నువ్వు తీసుకో. మిగతాది మాకిచ్చీ."

మధ్యాహ్నం దాకా గోలగోల అయ్యింది. చివరికి నడివీధిలో, అందరి ముందూ, నోటితో, అందరికీ ఒకే ధర చెప్పాడు పైడిరాజు. బస్తా రెండువేల ఐదొందలు. తోటవలసలో అలా జరగడం అదే మొదలు. పోలారావు అరుగు మీద కూచుని అంతా విన్నాడు. లేచి తోటకి వెళ్ళిపోయాడు.

నాగసుధకి అంతుబట్టలేదు. తను ఎవరికీ చెప్పలేదు. మరి ఎలా తెలిసింది?

ఆరింటికి దిబ్బెక్కితే, మిస్డ్ కాల్ ఇవ్వకముందే ఫోను మోగింది.

"సుధా, ఇక్కడ పెద్ద గొడవైపోయింది. మన ఊరోళ్ళకి రేటు తెలిసిపోయిందని పైడిరాజు వొచ్చి మా ఓనరు మీద ఎగిరినాడు. ఇలగైతే సరుకు ఇంకో ఫ్యాక్టరీకి తోల్తానన్నాడు. రేటు తెలిసిన గుమాస్తాలం నేనూ, సింహాచలం గారూ. అంతే."

"అయితే నీ ఉద్యోగం..."

"నన్ననుమానించలేదు. 'కొడుకు సెప్పుంటే తండ్రి ఒక్కడే రెండువేల రెండొందలకి ఎందుకమ్ముకుంటాడు?' అన్నారు ఓనరు. సింహాచలం గారే సెప్పుంటారని, ఆ ముసలాయన్ని రేపట్నుంచి రావొద్దన్నారు. ఇరవై రెండేళ్ళ సర్వీసు. పెన్ను జేబులో ఎట్టుకుని ఎల్లిపోనాడు పాపం."

నాగసుధ మెల్లగా వెనక్కి తిరిగింది. దిబ్బ కింద ఆరుగురు ఆడవాళ్ళు చీపుళ్ళు పక్కన పడేసి, బాసింపట్లు వేసుకుని, ముఖాలు పైకెత్తి తన వైపే చూస్తున్నారు.

"బావా, ఒక్క నిమిషం. కట్ చెయ్యకు." ఫోను గుండెకి ఆనించుకుంది. "దాలమ్మత్తా, నిన్న నా మాటలు విన్నావా?"

"ఇనకేటమ్మా," అంది దాలమ్మ నిబ్బరంగా. "మేం కూకునీదే అందుకు."

"రోజూ వింటన్నారా?"

"మొన్న నీ మొగుడు బులుగు సొక్కా ఏసుకున్నాడు. సోమారం ఇడ్లీ బాగోనేదు," అంది మహాలక్ష్మి. "ఆయన మాట సగమే ఇనిపిస్తాది. మిగతా సగం నువ్వు తిరిగి అంటావు గదా."

నాగసుధ ముఖం మంటెక్కినట్టయింది. ఇన్నాళ్ళూ తామిద్దరివే అనుకున్న మాటలన్నీ గుర్తొచ్చాయి, ముఖ్యంగా పోయిన శుక్రవారానివి.

"మరి రేటు విన్నప్పుడు మా మావయ్యకెందుకు చెప్పలేదు?"

ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఓలమ్మ! కోడలివి, ఇంటికెల్లి ముందు నువ్వే సెప్పుంటావనుకున్నాం. ఆయన రెండుకి ఇచ్చీడమేటని మాకూ వింతే!" అని దాలమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది.

నాగసుధ ఫోను చెవికి పెట్టుకుంది. చెప్పకుండా ఊరుకోవచ్చు. భర్త మీద ఎవరికీ అనుమానం లేదు. మావగారు నష్టపోయిన డబ్బే అతనికి సాక్ష్యం చెప్పింది. కానీ పెన్ను జేబులో పెట్టుకుని వెళ్ళిపోయిన మనిషి, తను ఒక్కసారైనా చూడని మనిషి, కళ్ళ ముందు నడుస్తూనే ఉన్నాడు.

"బావా, రేటు బయటికెళ్ళింది నా నోట్లోంచే," అంది. గాలికి ఎదురుగా మళ్ళీ అరిచే చెప్పాల్సొచ్చింది. కింద ఆరుగురూ వింటూనే ఉన్నారు. ఇప్పుడు వింటే విననీ అనుకుంది.

ఫోను చెవి నుంచి తీసి గీతలు చూసుకుంది.

"కట్టయిందా?"

"నేదు," అన్నాడు సూర్యప్రకాష్. "ఆలోసిస్తన్నాను." ఆ తర్వాత, "రేప్పొద్దున్న తొలి బస్సుకి వొచ్చీ. ఇద్దరం కలిసి సెబుదాం. నేనొక్కణ్ణే సెబితే, పెళ్ళాం మీదకి తోసీసినాననుకుంటారు."

శుక్రవారం తొమ్మిదింటికి వాళ్ళు వెళ్ళేసరికి ఓనరు ధనుంజయరావు బల్ల ముందు కూచుని, మచ్చుకి తెచ్చిన పిక్కలు కోసి లోపలి పప్పు చూస్తున్నాడు. వేలికొసలు జీడి రసానికి నల్లబడి ఉన్నాయి. నాగసుధ దిబ్బ, గాలి, సరుగుడు ఆకు అన్నీ చెప్పింది. పోయిన శుక్రవారం మాటలు తప్ప ఏదీ దాచలేదు. అతను వింటూనే ఆరు పిక్కలు కోశాడు.

"అయితే అది ఫోను కాదమ్మా, ఊరి మైకు," అన్నాడు చివరికి. "నీ మావకి మాత్రం సెప్పలేదా?"

"ఎవరికీ చెప్పొద్దన్నారండీ."

ధనుంజయరావు కత్తి కింద పెట్టాడు. వాచ్‌మన్‌ని పిలిచి, సింహాచలం ఇంటికెళ్ళి సైకిలు మీద ఎక్కించుకు రమ్మన్నాడు. తర్వాత సూర్యప్రకాష్ వైపు తిరిగాడు.

"ఈ ఊరిది ఆ ఊరికి ఈ పాటికి ఎల్లిపోయుంటాది. ఈ సీజన్లో తువ్వాలు బేరం ఇంక సాగదు. అది నీవల్లే. ఉద్యోగం పీకెయ్యాలి నిజానికి. మీరొచ్చి సెప్పకపోతే ఆ ముసలోడి ఉసురు నాకు తగిలీది, అందుకని ఊరుకుంటన్నాను. రేటు మాత్రం ఇంక నీ సెవిన పడకూడదు. పప్పు ఏరే షెడ్డుకెళ్ళు. జీతం మూడొందలు తగ్గుద్ది. ఐదింటికి షెడ్డు మూసి, తాళం సింహాచలానికిచ్చి ఇంటికి పో."

"ఐదింటికా?" అంది నాగసుధ. గొంతులో సంతోషం దాచుకోవాలని చూసింది గానీ కుదరలేదు.

ఆ సాయంత్రం ఐదున్నర బస్సులో ఇద్దరూ కిటికీ పక్కన కూచున్నారు. బస్టాండులో కొన్న తాటిముంజెలు ఆకు దొన్నెలో ఒళ్ళో పెట్టుకుంది. నీళ్ళు కారి చీర తడుస్తున్నా లెక్కచెయ్యకుండా ఒక్కోటి వలిచి అతనికి ఇచ్చింది. జీతంలో మూడొందలు పోయాయి. అదేం తక్కువ కాదు. గది అద్దె మిగులుతుంది, హోటల్ ఖర్చు మిగులుతుంది, బస్సు చార్జీలు పెరుగుతాయి. లెక్క వేస్తే కొంచెం నష్టమే తేలింది. ఆ నష్టం ఇద్దరికీ ఎంత చూసినా నష్టంలా కనిపించలేదు.

"నాన్నకి ఎవరు సెబుతారు?" అన్నాడు సూర్యప్రకాష్.

"నేనే."

పోలారావు అరుగు మీదే ఉన్నాడు. వారం మధ్యలో కొడుకు బస్సు దిగడం చూసి లేచి నిలబడ్డాడు. నాగసుధ చెప్పులు విప్పకముందే మొత్తం చెప్పేసింది.

"ఊరందరికీ సెప్పి, నాకొక్కడికే దాసినావన్నమాట," అన్నాడు పోలారావు.

"ఎవరికీ చెప్పలేదు మావయ్యా. మీకు చెప్పలేదు, వాళ్ళకీ చెప్పలేదు. వాళ్ళు విన్నారంతే."

ఆయన వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకున్నాడు. పదిహేను బస్తాలు, బస్తాకి మూడొందలు. లెక్క తేలాక చేతులు మడిచి చంకల్లో పెట్టుకున్నాడు.

"ఇంకా ఐదారు బస్తాల పిక్కలు రాలాల్సున్నాయి. ఈసారి రేటైనా సెబుతావా?"

"ఇప్పుడు ఆయనకీ తెలీదు మావయ్యా. షెడ్డుకి మార్చేశారు."

పోలారావు కొడుకు వైపు చూశాడు, కోడలి వైపు చూశాడు, ఆమె చేతిలోని తడి దొన్నె వైపు చూశాడు. నిన్న నడివీధిలో ఆ ధర విన్నప్పట్నుంచీ బిగుసుకుపోయి ఉన్న ముఖం కొద్దిగా వదులైంది.

"అయితే ఈ ఇంట్లో దాసుకోడానికి ఇంకేటీ నేదన్నమాట," అన్నాడు. "సరే, కాళ్ళు కడుక్కుని రండి. అన్నాలు తిందాం."