అక్క బొమ్మ ఉన్న ప్యాకెట్

ప్రత్తిపాడులో వెంకటేశ్వరమ్మ చేతి కారానికి ఉన్న పేరు ఆమె మొగుడు యలమందయ్యకి కూడా లేదు. ఏటా వేసవిలో తమ చేలో మిరపకాయల్లో మచ్చలేనివి ఏరి, తొడిమలు తీసి, ఎండబెట్టి, వేయించిన మెంతులు కలిపి మరలో ఆడిస్తుంది. అందులో అయిదు కిలోలు ఒంగోలులో ఉన్న చెల్లెలు కోటేశ్వరికి పంపుతుంది. చెల్లెలు కాపురానికి వెళ్లిన ముప్ఫై ఏళ్లలో ఒక్క ఏడూ తప్పలేదు. తల్లి పోయాక ఆ ఇద్దరికీ పుట్టిల్లు అనదగ్గది ఆ కారం డబ్బా ఒక్కటే.

మొన్న ఫిబ్రవరిలో ఒక కారం కంపెనీ వాళ్లు ప్రకటన తియ్యడానికి ఆమె కల్లంలో దిగారు. ఎర్రటి కల్లం కావాలట, పల్లెటూరి అమ్మ కావాలట. ఊళ్లో మర వచ్చి నలభై ఏళ్లయినా ఆమె చేతికి రోకలిచ్చి దంచమన్నారు. పైగా నడుముకి వడ్డాణం. వడ్డాణం పెట్టుకుని కారం దంచే మనిషిని ఆ చుట్టుపక్కల ఎవరూ చూసి ఉండరు, అయినా బొమ్మ తీసేవాళ్లకి ఆ సంగతితో పనేముంది? తీరా వాళ్ల పొడి లైట్ల కింద ఇటుక పొడిలా కనబడింది. డైరెక్టరు తల గోక్కుని, "అమ్మా, మీ ఇంట్లో కారం ఉంటే కాస్త ఇస్తారా?" అని అడిగాడు. ఆమె పొంగిపోయి గిన్నెడు తెచ్చింది. ఆ గిన్నె ముందు కూర్చుని వాళ్లు చెప్పమన్న మాట చెప్పింది.

"మా ఇంట్లో ఇదే కారం."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు గనక గొంతు తడబడలేదు.

ఏప్రిల్లో అది టీవీలో వచ్చింది. ఊరంతా చూసింది. వెంకటేశ్వరమ్మ కూడా మురిసిపోయింది. మే నెలలో ఎప్పట్లాగే కారం ఆడించి చెల్లెలికి ఫోన్ చేసింది.

"ఈ ఏడు వద్దులే అక్కా. నీ బొమ్మ ఉన్న ప్యాకెట్లు మా వీధి కొట్లోనే దొరుకుతున్నాయి. మా ఆయన రెండు కిలోలు తెచ్చారు."

"అది నా కారం కాదే."

"అదేంటి, టీవీలో నువ్వే చెప్పావుగా?"

"గిన్నెలోది నాది. ప్యాకెట్లోది వాళ్లది."

కోటేశ్వరి నవ్వింది. "ఊరుకో అక్కా, టీవీలో అబద్ధం చెబుతావా ఏంటి? అయినా ఈ వయసులో ఆ ఎండలో నీకెందుకా చాకిరీ?"

వెంకటేశ్వరమ్మకి ఆ పూట అన్నం సయించలేదు. కంపెనీ మీద కోపమో, చెల్లెలి మీదో, వడ్డాణం చూసుకుని మురిసిన తన మీదో తేల్చుకోలేకపోయింది. సొంత అక్క ఫోన్లో చెప్పింది వేళాకోళమైంది, అదే అక్క టీవీలో చెప్పింది నిజమైంది. వంటింట్లో గోడకి జారబడి కాసేపు ఏడ్చింది.

తర్వాత లేచి అటకెక్కింది. ప్రకటన వచ్చాక కంపెనీ వాళ్లు కానుకగా పంపిన, తన బొమ్మ ఉన్న కిలో ప్యాకెట్లు అయిదు అక్కడున్నాయి. మూతులు కత్తిరించి, ఆ పొడంతా బకెట్లో గుమ్మరించి, దొడ్లో వంగమొక్కల పురుక్కి కొట్టమని మొగుడికిచ్చింది.

"దీనికి పురుగు చస్తుందంటావా?" అన్నాడు యలమందయ్య.

ఆమె ఖాళీ కవర్లు శుభ్రంగా తుడిచి, తన కారం నింపి, కొవ్వొత్తి మంట దగ్గర మూతులు అంటించింది. కంపెనీ వాళ్లు ఊరికే ఇచ్చారని కబురు చెప్పి ఒంగోలు బస్సులో పంపింది.

వారం తిరక్కుండా చెల్లెలి ఫోన్ వచ్చింది.

"అక్కా, ఇదీ అసలు కంపెనీ సరుకంటే. కొట్టువాడు మాకు కల్తీది అంటగట్టాడు. మా ఆయన వెళ్లి వాణ్ణి దులిపేసి వచ్చారు. నువ్వేమీ అనుకోనంటే ఒక మాట. నీ కారానికి కూడా ఎప్పుడూ ఇంత రుచి రాలేదు."

వెంకటేశ్వరమ్మ నోటిదాకా వచ్చిన మాట మింగేసింది. నిజం చెబితే నమ్మదు, నమ్మితే ప్యాకెట్ మీద మోజు పోయి మళ్లీ ఎండలో చాకిరీ ఎందుకంటుంది.

"అవునే, కంపెనీ వాళ్ల సంగతి వేరు," అంది. మళ్లీ తనే, "ఆ ఖాళీ కవర్లు పారెయ్యకు కోటీ. తిరిగి పంపితే వచ్చే ఏడు కూడా ఊరికే ఇస్తారంట," అంది.