నెస్రిన్ వదలని హక్కు

ఖద్రీ ఉస్తా పోయాడన్న కబురు తెల్లారేసరికి బజారంతా పాకింది. పెళ్ళి గౌన్ల కొట్టు యజమాని, దానధర్మాల్లో చెయ్యి పెద్దదని పేరున్నవాడు. సాగనంపే జనాజా నమాజు పాషా మసీదులోనే, మధ్యాహ్నం నమాజు కాగానే అన్నారు. నెస్రిన్ తన స్కార్ఫుల బండి మీద పట్టా కప్పింది.

"ఎక్కడికే?" పక్కన సిమిట్ రొట్టెలమ్మే గుల్సుమ్ అడిగింది.

"మసీదుకి."

"నువ్వా! ఆ గుమ్మం తొక్కనని ఒట్టేసుకున్నావు కదే?"

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టా. నా బండి చూస్తుండు."

నెస్రిన్ ఒకప్పుడు ఉస్తా కొట్లోనే పూసలు కుట్టేది. ఒకరోజు ఉస్తా చెయ్యి రాకూడని చోటికి వచ్చింది. ఆమె కత్తెర చూపించింది. ఆ శుక్రవారమే మసీదు ప్రాంగణంలో, నమాజు ముగించి చెప్పులేసుకుంటున్న జనమంతా వినేలా, "ఇది నా జరీ గుడ్డ దొంగిలించింది" అన్నాడు ఆ పెద్దమనిషి. ఇంకేముంది, ఏ కొట్టూ పనివ్వలేదు. ఇప్పటికీ బండి దగ్గర బేరం కుదరకపోతే తలమాసినవాడెవడో ఒకడు ఆ మాట విసిరి పోతాడు. ఒంటి మీద మచ్చైతే గుడ్డ కప్పుకోవచ్చు. పేరు మీద మచ్చని ఏ గుడ్డతో కప్పాలి?

ఇత్తడి సామాన్ల సందు దాటి, కూలీల మూటల మధ్య నుంచి దూరి, ఆమె ప్రాంగణంలో అడుగుపెట్టింది. సీసపు గుమ్మటాల మీద పావురాలు అప్పటిలాగే ఉన్నాయి. రాతి అరుగు మీద ఆకుపచ్చ గుడ్డ కప్పిన శవపెట్టె. ఆడవాళ్ళు కుళాయిల గోడ దగ్గర వెనగ్గా నిలబడ్డారు. నెస్రిన్ అక్కడ ఆగలేదు. నేరుగా వెళ్ళి మగవాళ్ళ ముందు వరస చివర నిలబడింది.

"అమ్మా, ఆడవాళ్ళు వెనక" అన్నాడొకాయన.

"వెనక నుంచి నా గొంతు వినపడదు."

నమాజు చేయించే హోజా జనం వైపు తిరిగాడు. "ఈ మనిషి మీకెలాంటివాడు?"

"మంచివాడు!" అన్నారంతా.

"ఆయన మీద మీకున్న హక్కులు హలాల్ చేశారా, మాఫీ చేసి వదిలేశారా?"

"హలాల్!"

"నేను చెయ్యలేదు" అంది నెస్రిన్.

వరసల్లో తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. అందరికీ తెలుసు, మనిషి వదలని హక్కుని దేవుడు కూడా వదిలించడు.

"చచ్చినోడి మీదా నీ పగ?" ఎవరో గదిమారు.

"బతికున్నప్పుడు చెప్తే మీలో ఒక్కడు విన్నాడా?"

హోజా చెయ్యెత్తాడు. "ఆ హక్కు ఆమెది. నేను లాక్కోలేను. నీకేం కావాలమ్మా?"

"నన్ను దొంగన్నది ఈ రాళ్ళ మీద నిలబడే. కాదన్న మాటా ఇక్కడే వినపడాలి."

నెస్రిన్ వరసలోంచి కదల్లేదు. అప్పుడు కుళాయిల గోడ దగ్గర్నుంచి ఉస్తా భార్య మెలాహత్ మెల్లగా నడిచి వచ్చింది.

"ఈ పిల్ల ఏమీ తియ్యలేదు" అంది. "ఆ గుడ్డ మా ఇంటి బీరువాలోనే ఉంది. ఆ రోజే నాకు తెలుసు."

జనం తలలు దించుకున్నారు. హలాల్ చేస్తావా అని హోజా నెస్రిన్‌ని మళ్ళీ అడిగాడు. ఆమె పెట్టె వైపు చూసింది.

"హలాల్" అంది, అందరికీ వినపడేలా.

మెలాహత్ ఏడుస్తూ ఆమె చెయ్యి పట్టుకుంది. "నాక్కూడా ఆ మాట అను తల్లీ."

నెస్రిన్ చెయ్యి వెనక్కి తీసుకుంది. "అన్నీ తెలిసి నోరు మూసుకున్నావు వదినా. ఆయన పోయాడు కాబట్టి వదిలేశా. నువ్వు బతికే ఉన్నావుగా! బజార్లో కొట్టు కొట్టుకీ వెళ్ళి ఇదే మాట చెప్పు. ఆ తర్వాత వచ్చి అడుగు."

హోజా జనాజా నమాజు మొదలుపెట్టాడు. ఈసారి ఆమెను వెనక్కి పొమ్మనడానికి ఎవరికీ నోరు రాలేదు. నెస్రిన్ ముందు వరసలోనే చేతులు కట్టుకుని నిలబడింది.