ఆరిన్ కట్టిన వసారా

మోకాలి ఆపరేషన్ చేయించుకుని డెల్ఫా హాగన్ జూన్‌లో గూస్‌నెక్ సరస్సు ఒడ్డున తన చెక్క కేబిన్‌కు తిరిగి వచ్చేసరికి కట్టెల పాక లేదు. చనిపోయిన మొగుడు ఆరిన్ తన చేతులతో కట్టిన పాక అది. దాని చోట రంపపు పొట్టు మాత్రం మిగిలింది. కేబిన్ తలుపుకు ఒక కాగితం మేకుతో కొట్టి ఉంది. రాష్ట్ర ఇళ్ల సంఘాల చట్టం ప్రకారం అనుమతి లేని పాకను అక్కడి కేబిన్లవాళ్ల సంఘం తొలగించిందట. సరస్సు కనబడకుండా ఇతరులకు అడ్డంగా ఉన్న వసారాను సెప్టెంబరు సమావేశంలోగా ఆవిడే తీసేయాలట. కింద అధ్యక్షుడు లైల్ ప్రెంట్నర్ సంతకం.

ఇతరులంటే లైలే. వెనక గట్టు మీది కేబిన్ అతనిది. ఐదేళ్ల కిందట కొనుక్కుని వచ్చి దారికి ఇనుప గేటు పెట్టాడు, ‘ప్రైవేటు స్థలం’ అని బోర్డు తగిలించాడు, కూర్చోవడానికి కేబిన్ కంటే పెద్ద చెక్క డెక్ వేయించుకున్నాడు. అలాంటివాణ్ణి అధ్యక్షుణ్ణి చేసినవాళ్లను అనాలి ముందు. చెత్త బండి పిలిపించడం, దారిలో మంచు తీయించడం తమకు బద్ధకమై అతని నెత్తిన పెట్టారు. ఆ కాస్త పెత్తనానికే అతని కళ్లు నెత్తికెక్కాయి.

డెల్ఫా కుంటుకుంటూనే కారెక్కి అటవీ ఆఫీసుకు వెళ్లింది. రేంజర్ ఒచోవా, ముప్పై దాటని పిల్ల, కాగితం చదివి నవ్వేసింది.

“ఈ చట్టం ఇక్కడెలా చెల్లుతుందండీ? జనం సొంత స్థలాలు కొనుక్కుని, సంఘం మాటకు కట్టుబడతామని దస్తావేజుల్లో రాసుకున్న చోట అది. ఇక్కడ నేల కేంద్ర ప్రభుత్వానిది. మీది కేబిన్ ఒక్కటే, అదీ మా పర్మిట్ మీద. మీ సంఘం చెత్త ఎత్తించే క్లబ్బు, అంతే.”

“అయితే నా పాక పీకే హక్కు వాడికి లేదు.”

“లేదు. గేటు పెట్టే హక్కూ లేదు. మీరు ఫిర్యాదు రాస్తే వచ్చి కొలుస్తాను. కానీ ఒకరిది కొలిస్తే అందరివీ కొలవాలి.” ఒచోవా ఫైలు తిప్పింది. గొంతు తగ్గించింది. “మీ పర్మిట్‌లో వసారా లేదండీ.”

ఆరిన్ ఎవరినీ అడక్కుండానే కట్టాడు. ఆ రోజుల్లో అడిగిందెవరు? ఆఖరి వేసవి అంతా ఆ వసారాలోనే మంచం వేయించుకుని, సరస్సును చూస్తూనే కన్నుమూశాడు. ఆ చట్టం చెల్లదని లైల్ మొహం మీద చెప్పి ఊరుకుంటే వసారా మిగులుతుంది. కానీ పాక పీకినవాడు దర్జాగా తిరుగుతాడు. డెల్ఫా ఫైలు మూసి పక్కకు నెట్టింది.

“పెన్నివ్వమ్మా,” అంది.

ఆగస్టు అంతా ఆవిడే వసారా మేకులు ఒక్కొక్కటీ పీకింది. తన మొగుడు కొట్టిన మేకులను ఇంకొకరి చేత పీకించడం ఆవిడకు ఇష్టం లేదు. లైల్ బీరు డబ్బా పట్టుకుని గట్టు దిగివచ్చాడు.

“దారికొచ్చారన్నమాట! చట్టం ముందు ఎవరైనా ఒకటే కదండీ.”

“అవునయ్యా లైల్, ఎవరైనా ఒకటే,” అంది డెల్ఫా తల ఎత్తకుండా.

సెప్టెంబరు మొదటి సోమవారం సమావేశం లైల్ డెక్ మీదే జరిగింది. ఏటా లాగే ఇంటికొక వంటకం తెచ్చారు. డెల్ఫా అడవి పండ్లు కూరి కాల్చిన హకిల్‌బెర్రీ పై తెచ్చింది. లైల్ లేచి, చట్టాన్ని గౌరవించిన డెల్ఫాకు చప్పట్లు కొట్టమన్నాడు. కొట్టారు కూడా, సిగ్గులేని జనం. అంతలో కింద గేటు దగ్గర ఆకుపచ్చ బండి ఆగి హారన్ కొట్టింది.

“వెళ్లి గేటు తియ్యవయ్యా,” అంది డెల్ఫా. “నేల యజమాని వచ్చింది, లోపలికి రావాలట.”

ఒచోవా టేపు తీసింది. లైల్ రాష్ట్ర చట్టం పుస్తకం తీశాడు.

“అది మీ ఊళ్లో మీ ఇంటికి చదువుకోండి సార్,” అందామె. “ఇక్కడ పర్మిట్ చదవాలి. గేటు, బోర్డు, డెక్, ముప్పై రోజుల్లో పోవాలి. ఆవిడ పాక సంగతి కూడా మీ ఫైలుకెక్కుతుంది. ఇంకొకటి ఎక్కిందంటే పర్మిట్టే ఉండదు.”

లైల్ డెల్ఫా మీదికి తిరిగాడు. “ముసలిదానా, నీ వసారా కూడా పోయిందిగా!” అని అరిచాడు.

“నాది నేనే పీక్కున్నాను. నీది నీ చేత పీకిస్తున్నాను. బెర్రీ పై తిను, చల్లారిపోతుంది.”

నాలుగో వారంలో డెక్ విప్పడం మొదలైంది. మేకులు కీచుమంటూ ఊడుతున్న చప్పుడు కిందికి వినబడింది. డెల్ఫాకు కడుపు నిండినట్టయింది. ఇంకా బాగా విందామని సరస్సు వైపు తలుపు తీసి, నలభై ఏళ్ల అలవాటున అడుగు బయటికి వేసింది.

కాలి కింద ఏమీ లేదు. తలుపు చట్రం పట్టుకుని వేలాడి, ఎలాగో వెనక్కి వచ్చి, గుమ్మంలో కాళ్లు కిందికి వదిలి కూలబడింది. “చూడు ఆరిన్, ఏం చేశానో,” అని భోరున ఏడ్చింది. అయినా గట్టు మీద ఆఖరి చెక్క ఊడేదాకా అక్కడి నుంచి లేవలేదు.