గోరి మీది వాన

ఫ్లోరెన్స్ రోజూ తొమ్మిదింటికి కొత్తగూడెం ఆఫీసు తలుపు తీసి, టీ తాగి, అడవి ఊళ్ల హాస్టళ్లలో ఉన్న పద్నాలుగు కంప్యూటర్లను ఒక్కొక్కదాన్నీ పలకరిస్తుంది. అన్నీ లైనక్స్ మిషన్లే. ఇక్కడ కూర్చునే అక్కడి తెరను తన తెర మీద తెరుచుకుని, అక్కడి మౌసును తనే కదిపి, వార్డెన్లు చేసిన తప్పులు సరిచేస్తుంది.

2008 ఆగస్టులో గోదావరి పొంగిన వారం, భద్రాచలం అవతలి హాస్టల్ మిషన్ పలకడం మానేసింది. గురువారం నాడు అది పలికి తీరాలి. నర్సింగ్ కోర్సుకు నలభై ఒక్క మంది ఆడపిల్లల దరఖాస్తులు అందులోనే ఉన్నాయి. గడువు సాయంత్రం ఐదు. వార్డెన్ కళావతి నీళ్లకు ఇవతల చిక్కుకుపోయి గంటకోసారి ఫోన్ చేస్తోంది.

"ఏంది ఫ్లోరెన్స్, పోయినయా?"

"ఇంకా లేదు మేడమ్. చూస్తున్న."

పాత రకం అడ్రసులు అయిపోతున్నాయని ఆ హాస్టల్‌కు కొత్త రకం అడ్రసిచ్చి, మొన్ననే పాతది తీసేశారు. కొత్తది జానెడు పొడుగు. అంకెలు, అక్షరాలు, నడుమ రెండేసి చుక్కలు. దాన్ని చదరపు బ్రాకెట్లలో పెడితే తప్ప మిషన్‌కు అర్థం కాదని తెలుసుకునేసరికే గురువారం పొద్దున పదకొండయింది. ఉన్నావా అని పింగ్ కొడితే బతికే ఉన్నానంటోంది. తెర చూపించమంటే మాత్రం కుదరదంటోంది.

మధ్యాహ్నం ఫ్లోరెన్స్‌కు సంగతి తట్టింది. లైనక్స్‌లో బయటివాళ్లను ఆపే కాపలా, అదే ఫైర్‌వాల్, పాత అడ్రసులకు వేరు, కొత్తవాటికి వేరు. పోయిన వారం హాస్టల్‌కు వెళ్లినప్పుడు తనే పాత కాపలాలో తనకు దారి ఉంచుకుంది. కొత్తదాంట్లో ఎవరూ రాకుండా మూసేసింది, తనతో సహా. ఇప్పుడు దాన్ని అక్కడివాళ్లే ఎవరైనా లోపల్నుంచి తియ్యాలి. ఊరంతా గుట్ట మీది క్యాంపుకు పోయింది. హాస్టల్లో మిగిలింది గోరి ఒక్కతే.

గోరి మీద ఎప్పుడూ సన్నటి వాన పడుతుంటుంది. మే నెలలోనూ పడుతుంది. గొడుగు వేసుకుంటే గొడుగు లోపల పడుతుంది. బస్సెక్కితే కండక్టర్ ఫుట్‌బోర్డు మీద నిలబడమంటాడు. మిరపకాయలు ఆరబోసిన వాళ్లు "జర అవతలికెళ్లి పో గోరీ" అంటారు, అంతే. నీళ్లు పెట్టే పని తప్పుతుందని హాస్టల్లో తోటపని ఇచ్చారు. తను పోతే క్యాంపులో అందరూ తడుస్తారని గుట్టెక్కకుండా ఉండిపోయింది. నలభై ఒకటో దరఖాస్తు ఆమె బిడ్డ కమ్లిది.

మూడున్నరకు ఫోన్ కలిసింది. గోరి సెల్లును పాలిథిన్ కవర్లో చుట్టుకుంటుంది.

"గోరక్కా, నువ్వు కంప్యూటర్ గదిలకు పోవాలె."

చినుకుల చప్పుడు మధ్య గోరి గొంతు వినిపించింది.

"నేనా మేడమ్? అది పాడైతది."

"పెట్టె మీద ప్లాస్టిక్ పట్టా కప్పు. కీబోర్డు మీద కప్పితే పని కాదు. ఏమైతే అదైతది."

"నాకు చదువు రాదు మేడమ్."

"నేను బొమ్మలు చెప్త. నువ్వు ఒత్తు."

తను పోయిన వారం వదిలేసి వచ్చిన, ఆజ్ఞలు కొట్టే నల్ల కిటికీ ఇంకా తెర మీదే ఉండటం ఒక్కటే అదృష్టం. కొత్త కాపలా తియ్యడానికి పన్నెండు మీటలు నొక్కాలి. "నిలువు కర్ర ఒకటి. దాని తర్వాత పైన పొట్ట ఉన్న కర్ర. తర్వాత ఆరు." గోరికి అంకెలు తెలుసు. "ఇప్పుడు కరెంటు స్తంభం. తర్వాత గుడిసె." రెండు పొట్టల దాన్ని వెతకడానికి నాలుగు నిమిషాలు పట్టింది. మూడుసార్లు తప్పు పోయింది. తప్పు పోయినప్పుడల్లా మొదట్నుంచి. ఫ్లోరెన్స్ చెయ్యి మౌసు మీదే ఉంది. దానితో చెయ్యడానికి ఏమీ లేదు.

నాలుగున్నరకు అక్కడి తెర ఇక్కడ తెరుచుకుంది. ఫ్లోరెన్స్ ఒక్కో దరఖాస్తూ తెరిచి పంపడం మొదలుపెట్టింది. ఇరవయ్యో పేరు దగ్గర తను కొట్టని అక్షరాలు పడటం మొదలయింది. తడిసిన మీటలు వాటంతటవే కొట్టుకుంటున్నాయి. చెరిపి పంపింది, మళ్లీ చెరిపి పంపింది. నలభై అయ్యేసరికి నాలుగూ యాభై ఏడు.

కమ్లి కోరింది ఆరో నంబరు, హైదరాబాద్ కాలేజీ. ఫ్లోరెన్స్ చూస్తుండగానే ఆరు పక్కన ఇంకో ఆరు పడింది. అరవై ఆరంటే కొత్తగూడెం. చెరిపింది. మళ్లీ పడింది.

"అక్కా, కీబోర్డు వైరు పీకు! జల్దీ!"

"మూడున్నయ్ మేడమ్, ఏది పీకాలె?"

ఏది ఎక్కడుందో ఫ్లోరెన్స్‌కు గుర్తు రాలేదు. ఇంకో నిమిషమే ఉంది. చెరిపి, రెండు చినుకుల మధ్య సందు చూసుకుని నొక్కింది. దరఖాస్తు పోయింది, వెంటనే తెర నల్లబడింది. ఒక ఆరు పోయిందో, రెండు పోయాయో ఆమె చూడలేకపోయింది.

"పోయిందా మేడమ్?" అని గోరి అడుగుతూనే ఉంది.

పదిహేను రోజులకు కమ్లి సీటు కాగితం పట్టుకుని ఆఫీసుకు వచ్చింది. దాంట్లో కొత్తగూడెం అని ఉంది.

"నేను ఆరు రాసిన కదా మేడమ్?"

"అవ్. మీ అమ్మ గదిలకు పోయింది. మీటలు తడిసినయ్. పొమ్మన్నది నేనే."

కమ్లి కాగితం మీంచి తలెత్తింది. "లోపలికి పోయిందా?" అంది.

"పోయింది. హైదరాబాదే ఎందుకు రాసినవ్?"

"అక్కడ పుస్తకాలు ఆరతయ్ మేడమ్."

ఫ్లోరెన్స్ ఒక తెల్లకాగితం తీసుకుంది. పొరపాటు తనదని, సీటు మార్చమని ఇంకు పెన్నుతో ఉత్తరం రాసి సంతకం పెట్టింది. సాయంత్రంలోగా భద్రాచలంలోని సీట్లిచ్చే ఆఫీసులో ఇస్తే మారుస్తారని చెప్పింది. కమ్లి దాన్ని జాగ్రత్తగా మడుచుకుని బయటికి పోయింది.

కిటికీలోంచి ఫ్లోరెన్స్ చూస్తూ నిలబడింది. రోడ్డవతల, మండే ఎండలో, గోరి తన వానలో నిలబడి ఉంది. కమ్లి ఏదో చెప్పింది. గోరి తల ఊపింది. బస్సు హారను వినిపించగానే కమ్లి చేతిలోని ఉత్తరాన్ని తల్లికి పట్టుకోమని ఇచ్చి, వంగి సంచిలో ఏదో వెతకసాగింది. బస్సు ఆగింది, జనం ఎక్కారు. కమ్లి తల్లి చేతిలోని ఉత్తరాన్ని ఒకసారి చూసి, మళ్లీ సంచిలోకి వంగింది. గోరి వేళ్ల సందుల్లోంచి నీలం ఇంకు మోచేతిదాకా కారింది.