దయ్యం దగ్గు

మా సదానందం తీసే దయ్యం సినిమాల్లో, దయ్యం కనబడే ముందు దగ్గుతుంది. కథలో రాసుకుని పెట్టింది కాదు. మొదటి సినిమా ఎనుమాముల మార్కెట్లో ఒక మిర్చి గోదాములో తీశాం. షట్టరు దించితే పగలే చీకటి, అందుకని. దయ్యం వేషం కట్టిన అబ్బాస్‌కు ఘాటు పట్టి దగ్గు ఆగలేదు. మళ్లీ తీసే ఓపిక లేక అలాగే వదిలేశాం. యూట్యూబ్‌లో జనం ఆ దగ్గుకే పడిపోయారు.

అప్పటి నుంచి అబ్బాస్ మార్కెట్లో నడిచొస్తుంటే హమాలీలు ముందే దగ్గి, "జరుగుండ్రి, దయ్యం మామ వస్తాండు" అంటారు. ఆయనకు ఛాతీ ఉబ్బుతుంది. లైటు పట్టుకునేవాణ్ణి నేను, అన్ని సినిమాలూ పక్కనుండి చూశాను. ఆ పేరు కంటే ఆయనకు ఏదీ ఎక్కువ కాదు.

ఈసారి సదానందం రఘునాథపల్లి నుంచి వంశీ అనే డాన్సరును తెచ్చాడు. వాడు నడుము వెనక్కి విరిచి, చేతుల మీద మెట్లు దిగుతాడు.

"అబ్బాస్ భాయ్, మోకాళ్లు నొస్తానయంటివి గద. ఈసారి దయ్యం వంశీ ఏస్తడు. నువ్వు జర పొగ చూస్కో."

"నా మోకాళ్లు నీకొచ్చి చెప్పినయా?" అన్నాడు అబ్బాస్. అయినా నిప్పుల కుంపటి, సాంబ్రాణి, విసిరే అట్ట తీసుకుని మూలకు పోయి కూర్చున్నాడు.

రిహార్సల్‌లో వంశీ గోదాములో అడుగుపెట్టీ పెట్టగానే దగ్గాడు. ఏం దగ్గు అది! ఎండిన బావిలోంచి ఎవరో పిలిచినట్టుంది. సదానందం చప్పట్లు కొట్టాడు. అబ్బాస్ మొహం చూడలేకపోయాను. ఏళ్ల తరబడి గోదాములో తిరిగి ఆయనకు ఘాటు అలవాటైపోయింది. ఈమధ్య ఆయనది ఉత్త నటన దగ్గే.

భోజనాలయ్యాక అబ్బాస్ తన ఫ్లాస్కు విప్పాడు. అందులో ఆయన భార్య అనీస్ బేగం కాచి పంపిన వాము, బెల్లం నీళ్లు. ఎవరికీ గుక్కెడు ఇవ్వనివాడు వంశీకి గ్లాసు నిండా పోశాడు.

"తాగు బేటా, గొంతు కరాబైతది."

"మా మేనమామ గూడ గింత జూడలె మామా," అంటూ వాడు రెండు గ్లాసులు తాగాడు.

టేక్ మొదలైంది. వంశీ మెట్లు దిగుతున్నాడు. దగ్గు లేదు. సదానందం కట్ చెబుతాడని అబ్బాస్ మూలలోంచి నవ్వుతూ చూస్తున్నాడు. సదానందం చెప్పలేదు. వాము నీళ్లు పనిచేసిన సంతోషంలో అబ్బాస్ అట్టను ఇంకా గట్టిగా విసిరాడు. నేల మీద రాలి ఉన్న మిరపగింజలు లేచి నిప్పుల్లో పడ్డాయి. మాడిన ఘాటు సూటిగా ఆయన మొహానికే కొట్టింది. దగ్గాడు చూడండి, మొదటి సినిమాలో దగ్గినట్టు!

"అబ్బబ్బ! దయ్యం ముందట, దగ్గు ఎనుక! గిట్లనే ఉంచుదాం!" అని సదానందం ఎగిరాడు.

సినిమా వచ్చిన రోజు మార్కెట్ దగ్గర హోటల్లో ఫోన్లో అందరం చూశాం. దగ్గు వినబడగానే హమాలీలు "అగో, దయ్యం మామ!" అని అరిచారు.

వంశీ మొహం వాడిపోయింది. "ఒళ్లు ఇరగ్గొట్టుకున్నది నేను. పేరేమో నీకా మామా?"

"ఫికర్ జెయ్యకు బేటా," అంటూ అబ్బాస్ ఫ్లాస్కు విప్పి గ్లాసులో పోశాడు.

వంశీ గ్లాసు వాసన చూశాడు. అబ్బాస్ మొహం చూశాడు. గ్లాసు పక్కకు జరిపి, హోటలంతా తిరిగి చూసేలా దగ్గాడు.

అబ్బాస్ చెయ్యి ఫ్లాస్కు మూత మీదే ఆగిపోయింది. దగ్గు మళ్లీ ఆయనదానికంటే బాగుంది.